అక్కకు కిటికీ పక్క సీటు

ప్రియమైన చదువరులారా, మా అక్క పోయింది. పోయిన నెల ముసురు పట్టిన ఒక తెల్లవారుజామున, తాండూరులో తన ఇంట్లోనే, బావ కాచి తెచ్చిన చాయ్ చల్లారకముందే పోయింది. కబురు చేరే వేళకు నేను బషీరాబాద్ అవతల ఒక పల్లెలో, పనికి పోయే ముందు ప్రార్థనకు వచ్చిన కూలి జనం ఎదుట నిలబడి, చావుకు ఇక కోరలు లేవని గొంతు చించుకుంటున్నాను. బావ పంపిన మనిషి మొదటి బస్సుకు వచ్చి, చెప్పులు విప్పి, నా ప్రసంగం అయ్యేదాకా ఒక మూలన మర్యాదగా నిలబడ్డాడు. నేను ఎంతకూ ఆపకపోయేసరికి ముందుకొచ్చి, "అయ్యా, జర ఆపుండ్రి. మీ అక్క పోయింది" అన్నాడు.

ఆపాను. ఆ రోజు ఆగిన మాట ఇంతవరకు సరిగ్గా మొదలు కాలేదు.

అక్క పోయిన రోజు మేము చేసిన పని గురించి మా సంఘంలో చాలామంది చాలా రకాలుగా అనుకుంటున్నారు. నేను వాక్యం తప్పానని కొందరు, గొప్ప పని చేశానని కొందరు. రెండు మాటలూ నాకు అతకడం లేదు. వేదిక మీద నిలబడి ఇది ఔను, ఇది కాదు అని గుద్ది చెప్పడం నాకు అలవాటు. కాగితం మీద ఇలా తడుముకోవడం కొత్త. ఓర్చుకోండి.

మా అమ్మ మేము చిన్నగా ఉన్నప్పుడే ఆయాసంతో పోయింది. ఆ ఆయాసానికి పేరుందని మాకు అప్పుడు తెలియదు. అక్కకు చిన్నతనంలో జ్వరమొచ్చి కీళ్ళు వాచాయి, తగ్గిపోయాయి, మరిచిపోయాం. అరవై తొమ్మిదిలో, ఊళ్ళలో గొడవలకు బడులు మూతబడ్డ ఏడు, అక్క పెళ్ళై తాండూరు వచ్చింది. నన్నూ వెంట తెచ్చుకుంది. బావ నాపరాళ్ళు పాలిష్ చేసే పనిలో ఉండేవాడు. ఆ ఏడే బావి నుంచి బిందె ఎత్తుకొస్తూ అక్క గడపలో కూలబడింది. వికారాబాద్‌లో డాక్టరమ్మ గొట్టం పెట్టి చాలాసేపు విని, గుండె లోపలి తలుపు ఒకటి సరిగ్గా మూసుకోవడం లేదన్నది. చిన్నప్పటి ఆ జ్వరమే తినేసిందట. పిల్లల్ని కనొద్దన్నది. నెల నెలా వచ్చి సూది వేయించుకోమన్నది.

నన్ను కూడా బల్ల మీద పడుకోబెట్టి చూడమని అక్క పట్టుబట్టింది. డాక్టరమ్మ చూసి, ఫికర్ లేదు, బాగుందన్నది. అక్క వెంటనే, "వీని గుండెకేం గాదమ్మా, జబ్బంతా గొంతుల ఉన్నది. దానికేమన్న సూది ఉంటె వెయ్యరాదు?" అన్నది. అప్పటికే నేను రాళ్ళ అడ్డాలో సుద్దముక్కతో బండల మీద అక్షరాలు దిద్దుకుంటూ, బైబిలు గ్రంథం కూడబలుక్కుంటూ, విన్నవాళ్ళకూ విననివాళ్ళకూ వినిపిస్తూ ఉండేవాణ్ణి.

అట్లా మొదలైంది తాండూరు నుంచి వికారాబాద్‌కు మా నెలనెలా ప్రయాణం. ప్యాసింజరు బండి. బావకు పని పోతుందని నేనే తోడు వెళ్ళేవాణ్ణి. అక్కకు కిటికీ పక్క సీటు కావాలి. లేకపోతే ఎక్కిన దగ్గర్నుంచి ఎవరినో ఒకరిని బతిమాలి, ఆఖరికి దబాయించి లేపేది. ఒకసారి ఒక పెద్దమనిషి, "ఏందమ్మా, నేను టికెట్టు కొనలేదా?" అని కసిరితే, "నువ్వు కన్ను మూసి కునుకుతున్నవు పెద్దయ్యా. కునికేటందుకు గీ పక్క సీటైతేంది, గా పక్కదైతేంది? నేను చూసేటందుకు కొన్న" అన్నది. ఆయన నవ్వుకుంటూ జరిగాడు.

ఏం చూసేదని అడగండి. కంది చేలు. రాళ్ళ గుట్టలు. మేకల వెంట నడిచే మనుషులు. రుక్మాపూర్ దగ్గర ఎవరింటి ముందో ఆరేసిన ఎర్రచీర పోయిన నెలా ఉంది, ఈ నెలా ఉందని సంబరం. నేను ఒడిలో గ్రంథం తెరిచి పెట్టుకుంటే మోచేత్తో పొడిచేది. "చదివింది చాలు తియ్యి. రాసినాయననే గిదంత చేసిండు గద. జర గిటు గూడ చూడు" అనేది.

ఆ రోజుల్లోనే, సముద్రాల అవతల ఎక్కడో చచ్చిపోయిన మనిషి గుండె తీసి బతికున్న మనిషికి పెట్టారని రేడియోలో విని జనం ఇంకా చెప్పుకుంటూ ఉండేవారు. నేను పెద్దేముల్‌లో ఒక కూడికలో దాని మీద నిప్పులు కురిపించాను. దేవుడు ఊదిన ఊపిరిని మనిషి మూట కట్టి ఇంకొకరికి అమ్ముతాడా అన్నాను. జనం ఊగిపోయారు. అక్క వెనక వరుసలో కూర్చుని విన్నది. ఇంటికొచ్చాక, నాకు జొన్నరొట్టె పెడుతూ నెమ్మదిగా అడిగింది.

"తమ్మీ, ఓ మాట అడుగుత. నిండు హృదయంతోని దేవుని ప్రేమించుమని చెప్తవు గద. గా మనిషికి అవతలోని గుండె పెట్టిండ్రు. మరి ఆయన ఎవరి గుండెతోని ప్రేమించాలె?"

"ఎవరి గుండె ఎవరిదో... గది గట్ల గాదక్కా" అన్నాను.

"ఎట్ల మరి?"

రొట్టె తిన్నాను. హృదయమంటే కండ కాదు, ఆత్మ అని మీలో చదువుకున్నవారు చెప్పవచ్చు. నేనూ అదే చెబుదామనుకున్నాను. మరి కండకూ ఆత్మకూ సంబంధం లేకపోతే, కండను తీసినందుకు పెద్దేముల్‌లో అంత కోపం నాకెందుకొచ్చింది?

మూడు నాలుగేళ్ళ కింద తాండూరు బడిలో కంటి శిబిరం పెట్టారు. పక్కింట్లో ఉండే, మేమంతా ఖాలా, అంటే పిన్నమ్మ, అని పిలిచే ముసలమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి, గిన్నెకు బదులు పొయ్యిలో నూనె పోసే స్థితి వచ్చింది. ఖాలా భయపడి రానంటే అక్కే చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. పట్టీ విప్పిన రోజు ఖాలా అక్కను ఎగాదిగా చూసి, "నువ్వు గింత నల్లగుంటవా బేటీ? గొంతు విని మస్తు తెల్లగున్నవనుకున్న" అన్నదట. అక్క ఈ మాట చెప్పి చెప్పి నవ్వి ఆయాసం తెచ్చుకునేది.

ఆ శిబిరంలోనే వికారాబాద్ నుంచి వచ్చిన కంటి డాక్టరు, పోయినవారి కళ్ళు ఇస్తే చూపు లేనివారికి పెడతామని చెప్పాడట. తరువాతి నెల రైల్లో, కిటికీలోంచి చూస్తూనే అక్క నాతో అన్నది. "తమ్మీ, నేను పోయినంక నా కండ్లు తీస్కపొమ్మని చెప్పిన. మీ బావకు ఎరికే. నీకు గూడ చెప్తున్న."

నాకు ఒళ్ళు మండింది. "కడబూర ఊదిన దినాన సచ్చినోల్లందరు లేస్తరు. నువ్వు కండ్లు లేకుంట లేస్తవా? ప్రభువు ముఖం ఎట్ల చూస్తవు?"

"నా గుండె చెడిపోయింది. చెడిపోయిన గుండెతోని లేస్తనా, మంచిదిస్తడా?"

"మంచిదిస్తడు."

"గుండె ఇచ్చేటాయన కండ్లియ్యడా? గంత పిసినారా?"

నేను గ్రంథం తెరిచాను. ధారూరు నుంచి వికారాబాద్ దాకా పేజీలు తిప్పుతూనే ఉన్నాను. చచ్చినవాని కన్ను ఇవ్వమని గానీ, ఇవ్వొద్దని గానీ ఒక్క మాట దొరకలేదు. అక్క నా వైపు చూడలేదు. "గా ఎర్రచీర ఇయ్యాల లేదు. పరేషాన్ అయితుంది" అన్నది.

ఇక ఆ రోజు సంగతి.

మా వాడకట్టులో ఒక రివాజు ఉంది. పోయినవారికి ప్రాణమైన మనిషి ఇంకా రావలసి ఉంటే, వారి కళ్ళు తెరిచి ఉంటే, మూయరు. వాళ్ళు ఎదురుచూస్తున్నారంటారు. వచ్చిన మనిషే తన చేత్తో మూయాలి. అక్కకు పిల్లల్లేరు. ఎదురుచూపంటూ ఉంటే నా కోసమే అని ఆడవాళ్ళు తీర్మానించారు. ప్రాణం పోగానే కళ్ళు మూసి తడి దూది పెట్టమని కంటి డాక్టరు చెప్పి ఉన్నాడు. బావ దూది పట్టుకుని దగ్గరికి పోతే అందరూ చెయ్యి పట్టుకున్నారట. "తమ్ముని కోసం చూస్తంది. పాపం తగుల్తది" అన్నారట.

నేను బస్సు దిగి వచ్చేసరికి అక్కను చాప మీద పడుకోబెట్టి, తల ద్వారం వైపు తిప్పి ఉంచారు. కళ్ళు తెరిచి ఉన్నాయి. జీవితంలో ఎవరూ నన్ను అంతసేపు చూడలేదు. అక్క కుడి పక్కన ఎవరూ లేరు. ఎడమ పక్కన ఖాలా కూర్చుని, ఈగలు వాలుతున్నాయని, నీళ్ళలో ముంచిన కొంగుతో ముఖం ఆ వైపు అద్దుతూ ఉంది. దూది గొడవ అయ్యాక వచ్చిన ఆమెకు డాక్టరు చెప్పిన సంగతి తెలియదు.

నేను చేత్తో అక్క కళ్ళు మూశాను. ఆ చెయ్యి ఇంకా తీయకముందే బావ నా చెవి దగ్గర అన్నాడు. "బామ్మర్ది, వికారాబాద్‌కు ఫోన్ చెయ్యాలె. డాక్టరు ఒచ్చి తీస్కపోతడు. ఇంక ఆలస్యమైతె పనికిరావు. నువ్వు వద్దంటె వద్దు. నువ్వు చెప్పినట్లె చేస్త."

సంఘపెద్ద అక్కడే ఉన్నాడు. మంచివాడు, నాకు తండ్రిలాంటివాడు. "అయ్యా, రేపు నువ్వు పునరుత్థానం గురించి ఎట్ల చెప్తవు? నీ అక్కనే కండ్లు లేకుంట మట్టిల పెట్టినవని అడుగుతె ఏమంటవు?" అన్నాడు.

అలవాటుగా గ్రంథం తెరిచాను. అందరూ నా నోటి వైపు చూశారు. ప్రభువు ఉమ్మి కలిపిన మట్టి పూసి పుట్టుగుడ్డివాని కళ్ళు తెరిపించిన చోట వేలు పడింది. ఆయన మట్టి పెట్టి చూపు ఇచ్చాడు, మనం చూపును తీసుకుపోయి మట్టిలో పెడుతున్నామని తోచింది. తోచిన మరుక్షణమే అనుమానం వచ్చింది. అక్కడే వేలు పడిందా, నేనే పడేలా తెరిచానా? ఎన్నిసార్లు చదివి మడత పడిన పేజీ అది! మరో పేజీలో మరో మాట దొరికేది కాదా?

అప్పుడు ఖాలా గట్టిగా అన్నది. "క్యా సోంచ్‌తే బేటా? ఇంక ఏం ఆలోచిస్తున్నవు? నన్ను చెయ్యి పట్టుకొని తీస్కపోయింది. ఇప్పుడు ఆమె చెయ్యి పట్టేటోల్లు లేరా గీ ఇంట్ల?"

నేను గ్రంథం మూసి, ఫోన్ చేయడానికి పోస్టాఫీసుకు నడిచాను. నమ్మకంతో నడిచానని అనుకోకండి. నమ్మకముంటే పరుగెత్తేవాణ్ణి.

కంటి డాక్టరు జీపులో వచ్చాడు. తలుపు వేసుకుని పని చేశాడు. బయట ఆడవాళ్ళ ఏడుపు, మగవాళ్ళ గుసగుస. తలుపు తెరిచాక అక్క నిద్రపోతున్నట్టే ఉంది, ముఖంలో గాయమేదీ లేదు. సంఘపెద్ద కూడా వచ్చి చూసి, పాట ఎత్తుకున్నాడు.

డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. "కళ్ళు చాలాసేపు తెరిచి ఉంచారు కదా. కుడిది బాగా ఎండిపోయింది, ఆశ లేదు. ఎడమది తడిగానే ఉంది, ఎట్లనో. హైదరాబాద్‌లో చూసి చెప్తారు" అన్నాడు.

నా కోసం చూస్తూ చూస్తూ ఒక కన్ను ఎండిపోయింది. ఎట్లనో తడిగా ఉన్న కన్ను పక్కన నమాజు చేసే ముసలమ్మ కూర్చుని ఉంది. చదువరులారా, దీన్ని ఏ ప్రసంగంలో పెట్టమంటారు? ప్రేమ కదా మూయనివ్వనిది! మరి ప్రేమే చెరిపిందా? ఏమీ తెలియని చెయ్యి కాపాడిందా? నేను వద్దనివుంటే ఏ బాధా లేదు, ఔనన్నాను గనుక ఆ ఎండిన కన్ను నన్ను అడుగుతూనే ఉంది. ఆ ఎడమ కన్ను ఎవరికైనా అక్కరకొచ్చిందో లేదో ఇంతవరకు కబురు రాలేదు.

దారిలో వాగు పొంగిందని కబురొచ్చి, డాక్టరు జీపు వదిలి సాయంత్రం ప్యాసింజరుకు బయలుదేరాడు. అక్క కళ్ళు పెట్టి మంచు నింపిన డబ్బా నేనే స్టేషను దాకా మోశాను. బరువు లేదు. వానకు జనం లేక పెట్టెలో సీట్లన్నీ ఖాళీ. డాక్టరు డబ్బా తీసుకుని సీటు కింద జాగ్రత్తగా జరిపాడు.

"సార్, కిటికీ పక్కన పెట్టరాదు?" అన్నాను.

"ఎండ తగిలితే మంచు కరుగుతుందయ్యా."

"మబ్బు పట్టింది సార్. ఎండ లేదు."

ఆయన నా ముఖం చూశాడు. డబ్బాను సీటు మీదికి ఎత్తి, కిటికీ దగ్గరికి జరిపి, తాను ఇవతల కూర్చుని, పడిపోకుండా దాని మీద చెయ్యి వేశాడు. బండి కదిలింది. చినుకులు లోపలికి పడుతున్నాయని కిటికీ మూయబోయి, ఎందుకో ఆగి, సగమే మూశాడు.