లేతతోక ఈగలు, మా దయామణి మేడం

మా దయామణి మేడం ఇక లేరు. తిరువూరులో ఎన్నో బ్యాచ్‌ల విద్యార్థులకు జంతుశాస్త్రం బోధించి, పదవీ విరమణ అనంతరమూ పండ్ల ఈగల అధ్యయనం మానని ఆ విదుషీమణి ఈ నెల మొదట్లో ఒక ఉదయం హఠాత్తుగా కన్నుమూశారు. నేను గంపలగూడెం స్కూల్లో పాఠం చెబుతుండగా వారి తమ్ముడు జాన్ గారు ఫోన్ చేశారు. "అక్క పోయిందమ్మా" అన్న ఆ మాట అర్థం కావడానికి నాకు చాలాసేపు పట్టింది. పిల్లలు అడిగితే మా మేడం పోయారని చెప్పాను. "ఏ మేడం, టీచర్?" అన్నారు వాళ్లు. ఆవిడ ఎవరో తెలియని పిల్లలు ఈ ప్రాంతంలో ఉన్నారన్న సంగతి మరణవార్తంత బాధ పెట్టింది. అందుకే ఈ నాలుగు మాటలు.

మగ్గిన అరటిపండు చుట్టూ ముసురుకునే ఆ నలుసంత ఈగలతోనే ఆవిడ జీవితం గడిచింది. వాటిలో అతి సమీప బంధువులైన రెండు జాతుల్ని పోల్చి చూసేవారు. ఒక జాతి మగవాటికి పొట్ట చివర నలుపు, రెండోదానికి లేత రంగు. శాస్త్రీయ నామాలకు నోరు తిరగక మేం పెట్టుకున్న నల్లతోక, లేతతోక అన్న పేర్లనే ఆవిడా వాడేవారు. రెండూ ఒకే మూలం నుంచి ఈమధ్యే విడిపోయాయనేవారు. ఈమధ్య అంటే ఆవిడ లెక్కలో లక్షల ఏళ్లు. రెండిటినీ జతకలిపితే పుట్టే మగ ఈగలకు సంతానం కలగదు. అంతగా వేరుపడినవి రాలిన మామిడిపండు ఒక్కదాని మీదే బతుకుతాయి. "పోట్లాడుకోకుండా ఎలా సర్దుకుంటున్నాయమ్మా ఇవి?" అన్నదే ఆవిడ ప్రశ్న.

ఆడ ఈగలు మాత్రం రెండు జాతుల్లోనూ అచ్చం ఒకేలా ఉంటాయి. ప్రతి బ్యాచ్ ఇక్కడే బోల్తాపడేది. భూతద్దంలో చూసి ఇది నల్లతోక, అది లేతతోక అని మేం ధీమాగా చీటీలు అంటిస్తే, ఆవిడ ఒక్కొక్కటీ నెమ్మదిగా పీకేసేవారు. "ఆడదాన్ని చూసి జాతి చెప్పకండ్రా. తోటలో పట్టేసరికే అది జతకట్టి ఉంటుంది. ఒంటరిగా సీసాలో పెట్టి మేత వేసి ఆగండి. కొడుకులు పుట్టాక తోక చూసి చెప్పండి." అన్నాళ్లు ఆగడం మా వయసుకి పెద్ద శిక్ష.

ఆ మేత తయారీ ఒక ప్రహసనం. రవ్వా బెల్లం ఉడికే వాసనకి పక్కింటివారు కేసరి అనుకుని పలకరించేవారు. ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు ప్రార్థన పొడిగిస్తే మేడం గడియారం చూసుకునేవారు. ఈగలు పుట్టిన కొద్ది గంటల్లోనే, జతకట్టకముందే, ఆడా మగా వేరుచేయాలి మరి. "ప్రభువు ఆగుతాడమ్మా, ఇవి ఆగవు" అని తర్వాత నవ్వేవారు.

వినగడపలో మామిడితోట ఉన్న సాంబయ్య గారు మొదటిసారి బిత్తరపోయారు. "కాయలో పురుగు పెట్టే ఈగలతో మేం చస్తుంటే, మీరు పెంచుతారేంటి మేడం గారూ?"

"అవి వేరండి, పెద్దవి. నా ఈగలు కాయ జోలికి రావు. రాలి కుళ్లిన పండే వీటికి అన్నం."

ఆయన నమ్మలేదు గానీ కొమ్మకి అరటిపండు ఎర సీసా కట్టనిచ్చారు. అలా ఏళ్ల తరబడి చూసి, లేతతోక చెట్ల నీడలో తడి ఆకుల దగ్గరే ఉంటుందనీ, నల్లతోక ఎండ తగిలే గట్ల దాకా వస్తుందనీ ఆవిడ తేల్చారు.

తర్వాత చుట్టూ తోటలు కొట్టేసి పత్తి వేశారు. నీడ తగ్గింది. కొన్నేళ్లుగా లేతతోక ఒక్కటీ దొరకలేదు. "పోయి ఉంటాయి మేడం" అని నేనంటే కోపం వచ్చేది. "చూడకుండా పోయాయనకూడదు షాహీనా." ఈ వేసవి మొదట్లో, పోవడానికి కొద్ది రోజుల ముందు, నా స్కూటీ వెనక కూర్చుని మళ్లీ వినగడప వచ్చారు. ఎరకి వచ్చిన మగవన్నీ నల్లతోకలే. ఆడవాటిని విడివిడిగా సీసాల్లో పెట్టి, "వీటి కొడుకుల్ని చూశాకే ఈ తోట సంగతి మాట్లాడదాం" అన్నారు. ఆ కొడుకులు పుట్టకముందే వెళ్లిపోయారు.

భూస్థాపన అయ్యాక జాన్ గారు ఆ సీసాలు నా చేతికిచ్చారు. "నాకేం తెలుసమ్మా వీటి సంగతి. పారేయడానికి చెయ్యి రాలేదు." ఇంటికి తెచ్చుకున్నాను. స్కూలు నుంచి రాగానే వాటిని చూడ్డమే పని. ఒక్కో సీసాలో నల్లతోకలే పుడుతూ వచ్చాయి. మొన్న ఒక సీసాలో పుట్టిన మగవాటికి నలుపు కనబడలేదు. అప్పుడే పుట్టినవాటికి రంగు తేలడానికి సమయం పడుతుంది కనుక మర్నాటిదాకా ఆగాను. మర్నాడూ లేతగానే ఉన్నాయి.

మేడం అన్నదే నిజం. లేతతోక ఆ తోటలో ఉంది. అది ఎంత పెద్ద కబురో తెలిసిన మనిషి కోసం ఊరంతా మనసులో వెతుక్కున్నాను. ఒక్కరూ కనబడలేదు. ఆవిడ లేని లోటు ఎవరూ తీర్చలేరని అందరం అంటున్నాం గానీ, నాకది అప్పుడే తెలిసింది. ఆవిడకి మనసులోనే సలాం చేసుకుని జాన్ గారికి ఫోన్ చేశాను. ఆయన అంతా విన్నారు. సంతోషం పట్టలేక, "అక్కకి చెప్పావా అమ్మా?" అన్నారు.