పెద్ద నీటికాకి వచ్చిందా?

మా సైన్స్ టీచర్ మొన్న ఆదివారం పోయారు. దాచేపల్లి సిమెంట్ ఫ్యాక్టరీలో కాటా మీద లారీ ఉండగా ఫోన్ వచ్చింది. బరువు రాయడం మర్చిపోయి నిలబడిపోయాను. ఆమెకి నేను చెప్పిన అబద్ధం ఇక అబద్ధంగానే ఉండిపోతుందన్నది ముందు తట్టింది. ఏడుపు తర్వాత వచ్చింది.

పులిచింతల డ్యామ్ నీళ్ళు మా వైపు నిలిచాక, మునిగిన చెట్ల మీద వాలే ప్రతి నల్ల పిట్టా మాకు నీటికాకే. టీచర్ ఒప్పుకునేవారు కాదు. సెలవు రోజు మమ్మల్ని బస్సెక్కించి, గట్టు మీద కూర్చోబెట్టి, ముందు ముక్కు చూడమనేవారు. కొన కొక్కెంలా వంగితే నీటికాకి, సూదిలా ఉంటే పాములాంటి మెడ ఉండే ఇంకో పిట్ట. రెక్కలు చాపి కూర్చున్నదాన్ని చూసి, పాపం దెబ్బ తగిలిందన్నాను నేను.

"దెబ్బా లేదు, గిబ్బా లేదు. దాని ఈకలు తడుస్తయ్‌రా. తడిసి బరువెక్కితేనే మునగ్గలదు. అందుకే ఈదేటప్పుడు కూడా మెడే కనపడతది. ఇప్పుడు ఆరబెట్టుకుంటా ఉంది" అన్నారు.

అది మునగ్గానే మేం ఊపిరి బిగబట్టేవాళ్ళం. మేం ఓడిపోయినా అది తేలేది కాదు. "మునిగిన చోటే చూస్తా కూర్చోకండి, ఇంకోచోట తేల్తది" అనేవారు. డబ్బా మూతలో మాకు పులిహోర పెట్టి, తను మాత్రం నీళ్ళకేసి చూస్తూ తినడం మర్చిపోయేవారు.

సముద్రం ఒడ్డున తను చూసినలాంటి పెద్ద నీటికాకి, దవడ కింద తెల్లగా ఉండే రకం, చలికాలంలో మా నీళ్ళకీ వచ్చేది. ఈ చలికాలం జబ్బు చేసి ఆమె మంచం దిగలేదు. వచ్చిందేమో చూసి చెప్పమని మూడుసార్లు ఫోన్ చేశారు. నాకు డ్యూటీ, దాన్ని మించి బద్ధకం. నాలుగోసారి, చూశాను టీచర్, వచ్చింది అనేశాను.

"నీళ్ళ మీద ఎట్టా ఉందిరా?"

"బాతులాగా పైకి తేల్తా ఉంది టీచర్."

"సరేలే. వేళకి అన్నం తిను" అని పెట్టేశారు.

టీచర్‌ని మట్టి చేసిన మర్నాడు గట్టుకి వెళ్ళాను. ఆ పెద్ద నీటికాకి ఉంది. ఎన్నాళ్ళుగా ఉందో. ఒళ్ళు నీళ్ళలో, మెడ ఒక్కటే బయట. అంటే నేను బాతులాగా అన్న ఆ రోజే ఆమెకి తెలిసిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది. వచ్చింది టీచర్, ఈసారి నిజం, అని ఇప్పుడు ఎవరికి చెప్పను?

చూస్తుండగానే అది మునిగింది. ఊపిరి బిగబట్టాను. ఇంకెక్కడో తేలుతుందని తెలుసు. అయినా మునిగిన చోటు నుంచి కళ్ళు తిప్పుకోలేకపోయాను.