కిందికి దిగిన కిటికీ

2023 ఎండాకాలంలో రాజన్న తన పాత పికప్ బండిని నిజామాబాద్‌లోని మా దుకాణం ముందు ఆపి, దాని మీద ఒక ఇల్లు కట్టాలన్నాడు. నేను కట్టేది ఇళ్లు కాదు, దుకాణాల ముఖాలు. బట్టల షాపులకూ మెడికల్ షాపులకూ ముందువైపు తళతళలాడే ఏసీపీ షీట్లు బిగించడం నా పని. రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ పెట్టి అతికించిన పలక అది. వెనకవైపు గాడి తీస్తే చేత్తోనే అట్టపెట్టెలా మడతపడుతుంది.

రాజన్న బోధన్ వైపు మనిషి, లారీలు నడిపి మానేశాడు. లోడుతో సముద్రం దాకా పోయినప్పుడల్లా భార్య గంగామణికి దాన్ని చూపించాలనుకునేవాడట. ఆమెకేమో పరాయి చోట నిద్రపట్టదు, లాడ్జి అంటే ససేమిరా. అందుకే ఇల్లే వెంట తీసుకుపోదామని ఆయన ఎత్తు.

"ఆమె ఎక్కకపోతే గిండ్ల కూరగాయలు ఏసుకొని అమ్ముకునుడే తమ్మీ," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ భయం నిజమేనని మొహంలో తెలిసిపోయింది.

ఇక నా ప్రతాపమంతా చూపించాను. చదరపు పైపులతో ఫ్రేమ్ కొట్టి, బయట టేకు రంగు షీట్లు బిగించి, వాన చుక్క చొరకుండా సందుల్లో సిలికాన్ నింపాను. బయటి నుంచి అందంగా కనిపించే ఎత్తులో కిటికీ పెట్టాను. బజారులో పోయేవాళ్లు ఆగి ఫొటోలు తీసుకుంటుంటే ఉబ్బితబ్బిబ్బయ్యాను.

చూడటానికి వచ్చిన గంగామణక్క లోపలికెక్కి, నేను ముచ్చటపడి చేసిన మంచం వైపు చూడనైనా చూడకుండా కింద కూర్చుంది. ఏళ్ల తరబడి బీడీలు చుట్టే చేట ఒళ్లో పెట్టుకొని, గడప దగ్గర వెలుతురుకు కూర్చున్న మనిషి ఆమె. ఇక్కడ ఎదురుగా ఉన్నది షీటు వెనకవైపు, బూడిద రంగు. కిటికీ ఎక్కడో తలపైన ఉంది.

"మంచిగనే చేసినవ్ తమ్మీ. గాని గిదంత తొవ్వల పోయేటోళ్లకు చేసినవ్. లోపట కూసునేది నేను గదా."

రాజన్న నీరుగారిపోయి నా వైపు చూశాడు. నాకు నవ్వు ఆగలేదు. ఇన్నేళ్లలో నా పనిని నేను ఒక్కసారైనా లోపలి నుంచి చూసుకోలేదు. కిటికీ ఎక్కడ కావాలో చెప్పమని మార్కర్ అక్క చేతికిచ్చాను. ఆమె లేవకుండానే తన కంటికి ఎదురుగా గీత గీసింది.

టేకు షీట్లు విప్పి, కోసి, లోపల బిగించాం. బయట మామూలు తెల్లవి వేసి, వేడి దిగకుండా మధ్యలో థర్మాకోల్ పెట్టాం. గీత దగ్గర కిటికీ తెరిచాం. కొత్త షీట్లకు గీతలు పడకుండా అంటించి ఉండే ప్లాస్టిక్ పొరను చివర్లో ఒలవడం మా పనిలో పండగ, అది నేనెవరికీ ఇవ్వను. ఆ రోజు అక్కకే వదిలేశాను. సర్రుసర్రున లాగుతూ చిన్నపిల్లలా నవ్వింది. ఎప్పుడు పోదామని రాజన్నను ఆమే అడిగింది.

వానలు తగ్గాక ఒక పొద్దున వీడియో కాల్ వచ్చింది. టేకు రంగు గోడ, కిటికీ నిండా సముద్రం.

"తమ్మీ, లేవకుంటనే కనవడ్తున్నది," అంది అక్క. సంతోషంతో నా కళ్లు చెమర్చాయి.

ఇప్పుడు ఏ దుకాణం వాళ్లు పనికి పిలిచినా, ముందు లోపలికి పోయి రోజంతా కూర్చునే వాళ్ల కుర్చీలో కాసేపు కూర్చుంటాను. చాయ్ కోసం కూర్చున్నానని అనుకుంటారు. తెప్పిస్తే తాగుతాను. నా షీట్లు వాళ్ల వెలుతురును ఎంత ఆపుతాయో చూసుకున్నాకే లేస్తాను.