మబ్బుకు రైట్ చెప్పిన రోజు

ముఖ్య అతిథి ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాడు. నాలాంటి ఊరి కవులు బతికేది ఆ ఆలస్యం మీదే. మా ఆదోని, ఎమ్మిగనూరు వైపు పదవీ విరమణ సన్మానమైనా, బడి వార్షికోత్సవమైనా, ఉగాది కవి సమ్మేళనమైనా పద్ధతి ఒకటే. ఆహ్వాన పత్రికలో పది గంటలకు అని వేస్తారు. జనం పదకొండుకు వస్తారు. పెద్దాయన పన్నెండున్నరకు గానీ రాడు. ఆ మధ్యలో జనం లేచిపోకుండా పట్టి కూర్చోబెట్టే పని నాది. "అన్నా, ఇంగొక్కటి లాగు" అని నిర్వాహకులు కింది నుంచి చేయి తిప్పుతుంటారు. కారు కనబడగానే అదే చేత్తో ఆపమంటారు, నేను కవిత సగంలో ఉన్నా సరే. నాకు ఒళ్ళు మండుతుంది. ఇంటికొచ్చి ఇక ఏ సభకూ పోనని మా ఆవిడకు చెబుతాను. ఆమె సరేనంటూనే మరుసటి సభకు చొక్కా ఇస్త్రీ చేసి పెడుతుంది.

నేను ఇరవై ఎనిమిదేళ్ళు బస్సు కండక్టరుగా పని చేసి రెండేళ్ళ కిందట ఇంటికొచ్చాను. ఎక్కువ కాలం తిరిగింది ఆదోని, ఎమ్మిగనూరు రోడ్డు మీదే. కిటకిటలాడే బస్సులో ఈ చివర నుంచి ఆ చివరకు వినబడేలా అరిచి అరిచి గొంతు బలపడింది. కరెంటు పోయి మైకు ఆగిపోయినా నా కవిత ఆగదు. అదొక్కటే నాకున్న గొప్ప. ఛందస్సు రాదు. నేను చెప్పేవాటిని పండితులు పద్యాలనరు, జనం అంటారు. నేను జనం పక్షం.

నాకు పేరు తెచ్చింది వాన పద్యం. అందులో మబ్బు ఒక బస్సు, వానమ్మ అందులో ప్రయాణికురాలు. మా ఊళ్ళకే టికెట్టు తీసుకుంటుంది గానీ, ఏటా కిటికీ పక్కన కూర్చుని నిద్రపోతుంది. మా స్టాపు దాటిపోయి బళ్ళారిలో దిగుతుంది. కండక్టరుగా నేను ఆమెను లేపాలి. కౌతాళం, కోసిగి, నందవరం అని ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే కేక వేస్తాను. ఆ ఊరివాళ్ళు ఎవరుంటే వాళ్ళు "దిగు తల్లీ!" అని అరుస్తారు. అరవమని నేను చెప్పింది కాదు. ఒకసారి కౌతాళంలో ఒక ముసలాయన ఆగలేక అరిచాడు, అప్పటి నుంచి అదే అలవాటైంది. మా ఊరి పేరు ఎందుకు లేదని కొట్లాటకు వచ్చినవాళ్ళూ ఉన్నారు. అలా చేరుస్తూ పోతే ఇప్పుడు ఆ బస్సు అరవై ఊళ్ళలో ఆగుతుంది.

ఆ పద్యం ఒక్కసారి కూడా వినని మనిషి మా అక్క. నాకంటే పదేళ్ళు పెద్దది. హాలహర్వి దగ్గరి పల్లెలో ఉంటుంది. బావ పోయాక నాలుగెకరాల చేను ఒంటిచేత్తో చేసుకుంటోంది. అమ్మ తర్వాత అమ్మంతటిది, తిట్టడంలో కూడా. "నీ పద్యాలు కూటికొస్తాయా, గుడ్డకొస్తాయా" అనేది. నేను సభలకు పిలిస్తే చేలో కలుపు ఉందనేది. కలుపు లేని కాలంలో కూడా ఉందనేది.

ఆమెకు వరుసగా రెండేళ్ళు పంట పోయింది. ఒక ఏడు వాన లేక, ఇంకో ఏడు పురుగు పట్టి. మూడో ఏడు విత్తనం వేసేటప్పుడు నాతో ఒక మాట అంది. "ఈసారి గూడా పోతే సేను కౌలుకిచ్చేసి నీ ఇంటికొచ్చి మూలన కూసుంటాలే రా." నవ్వుతూనే అంది. నేను మాత్రం నవ్వలేదు. మా ఇంట్లో ఆమెకు ఏ లోటూ ఉండదు. కానీ ఒకరి ఇంట్లో మూలన కూర్చోవడం ఆమెకు చావుతో సమానమని నాకు తెలుసు.

ఆ ఏడు పంట వచ్చింది. గొప్పగా కాదు, బాగానే వచ్చింది. డిసెంబరులో ఒకరోజు పత్తిని బండిలో వేసుకుని ఆదోని మార్కెట్ యార్డుకు తెచ్చింది. సరిగ్గా ఆ రోజే యార్డులో రైతుల కోసం కట్టిన కొత్త విశ్రాంతి గదికి ప్రారంభోత్సవం. కవి కావాలి కదా, నన్ను పిలిచారు.

పొద్దున్నే ఉగ్గాని, బజ్జి పొట్లం కట్టించుకుని అక్క దగ్గరికి పోయాను. షామియానాకు ఎడమ పక్కన, ఆరుబయట, పత్తి కుప్ప ముందు కూర్చుని ఉంది. కొనేవాళ్ళు వచ్చి చేయి పెట్టి చూసేవరకు కుప్ప విప్పే ఉంచాలి. నేల చెమ్మగా ఉందని ఉన్న ఒక్క టార్పాలిన్ పట్టనూ అడుగున పరిచేసింది. పైన కప్పడానికి ఏమీ లేదు. అప్పటికే ఆకాశం కొంచెం మసకగా ఉంది. ఆమె బజ్జీ తింటూ పైకి చూసింది. నేను వేదిక వైపు చూశాను, మైకు కట్టారా లేదా అని.

పదకొండున్నరకు నన్ను ఎక్కించారు. పెద్దాయన కర్నూలు నుంచి రావాలి. "గూడూరు దాటినాడంట, లాగన్నా" అన్నారు. రైతు మీద ఒకటి, ఎద్దు మీద ఒకటి చెప్పాను. "ఎమ్మిగనూరులో టీ తాగుతాండాడంట, ఇంగొకటి." మగ్గం మీద ఒకటి చెప్పాను. నా సంచీ ఖాళీ అవుతోంది. అప్పుడు వెనక నుంచి ఎవరో "వాన పద్యం!" అని అరిచారు. ఇంకో నలుగురు అందుకున్నారు. అడిగించుకోవడం కంటే కవికి కావలసిందేముంది? పొంగిపోయి మొదలుపెట్టాను.

ఒక్క క్షణం ఆలోచించి ఉంటే తెలిసేది. జూన్, జూలైల్లో ఎండిన నేల మీద చెప్పే పద్యం అది. ఇక్కడ నా కళ్ళ ముందే యార్డు నిండా విప్పిన పత్తి. తడిస్తే రంగు మారుతుంది, సగం ధర కూడా పలకదు. అది తెలియనివాడు మా వైపు పుట్టడు. అయినా నేను వానను పిలుస్తున్నాను, రైతులూ అరుస్తున్నారు. "పెద్దకడుబూరు!" అంటే "దిగు తల్లీ!" అని ఒక మూల నుంచి. "కోసిగి!" అంటే ఇంకో మూల నుంచి. అలవాటైన నోరు ఊరుకోదు కదా. హమాలీలు కూడా బస్తాలు దించి అరిచారు.

హాలహర్వి వైపు ఊళ్ళు వచ్చాయి. అక్క ఊరి పేరు చెప్పేటప్పుడు కావాలనే గొంతు పెంచి ఆమె వైపు తిరిగాను. ఇన్నాళ్ళకు నా సభలో దొరికింది, ఎలాగైనా అరిపించాలని నా పంతం. ఆమె అరవలేదు. నన్ను చూడనూ లేదు. తల ఎత్తి, రెండు చేతులూ కుప్ప మీద ఆనించి, పైకి చూస్తోంది.

అప్పుడు షామియానా ఒక్కసారి పటపటా కొట్టుకుంది. ఎమ్మిగనూరు వైపు నుంచి నల్లటి మబ్బు వచ్చి యార్డు మీద నిలిచింది. ముందు వరుసలో తలపాగా కట్టుకున్న పెద్ద మనిషి ఒకాయన దిగ్గున లేచాడు.

"ఆపప్పా సామీ! ఎవురిని పిలుస్తాండావు నువ్వు? పత్తంతా బయటుంది!"

నా కళ్ళద్దం మీద ఒక చినుకు పడింది.

ఆ వెంటనే ఒకటే అరుపులు, ఉరుకులు. పట్టలున్నవాళ్ళు పట్టలు లాగుతున్నారు, లేనివాళ్ళు గోతాలు వెతుకుతున్నారు. అక్క పైట కొంగు తీసి కుప్ప మీద పరుస్తోంది. అంత కుప్పకు కొంగు ఏ మూలకు? తుపాను మబ్బు అది, నేను పిలిచినా పిలవకపోయినా వచ్చేదే. తల ఆ సంగతి చెబుతూనే ఉంది, మనసు వినడం లేదు. ముప్పై ఏళ్ళుగా నా మాటకు బలం ఉండాలని కోరుకున్నవాడిని. ఆ నిమిషంలో మాత్రం దేవుడా, నా పద్యం ఉత్త కూతలు కావాలి అని మొక్కుకున్నాను.

ఆ తలపాగా మనిషి వేదిక దగ్గరికే వచ్చేశాడు. "పిల్సినోడివి నువ్వే గదా, నువ్వే పంపు. కండకటేరువు గదా, రైట్ సెప్పు!"

ఆయన ఎగతాళి చేయడం లేదు. చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాల్లోనూ ఎగతాళి లేదు. నేను మైకు పట్టుకున్నాను.

"వానమ్మా, ఇది నీ స్టాపు కాదు తల్లీ. దిగొద్దు, కూచో. నీ టికెట్టు పత్తికొండకు!"

"పత్తికొండకు వద్దన్నా! టమాటాలు కోతకొచ్చినాయి!" అని ఒకాయన కుప్ప కప్పుతూనే అరిచాడు.

"అయితే గూడూరు!"

"ఆడ మా వియ్యంకుని మిరపకాయలు ఆరబోసినారప్పా!"

"హాలహర్వి మీదుగా..." అన్నానో లేదో అక్క గొంతు ఖంగుమంది. "ఒరే! సేన్లో ఇంగా పత్తుంది రా!"

ఎటు పంపినా అక్కడ ఎవరిదో ఒకరిది ఆరుబయట ఉంది. ఏడాదంతా వాన వాన అని ఏడ్చే నేల మీద ఆ రోజు వానకు దిగే చోటు లేకపోయింది. చివరకు డ్యాము గుర్తొచ్చింది. "తుంగభద్ర డ్యాము! మధ్యలో ఎక్కడా ఆగేది లేదు, ఎక్స్‌ప్రెస్! నీళ్ళలోనే దిగు తల్లీ, ఎవరూ తిట్టరు!" ఈసారి ఎవరూ అడ్డు చెప్పలేదు. "రైట్!" అన్నాను. యార్డు యార్డంతా "రైట్, రైట్!" అంది. మైకు అక్కడే పారేసి, వెనక కట్టిన ఫ్లెక్సీని తాళ్ళతో సహా పీకి, ఇద్దరు హమాలీలను కేకేసి, అక్క కుప్ప దగ్గరికి పరిగెత్తాను. నలుగురం నాలుగు మూలలు పట్టుకుని కప్పాం. గాలికి ఎగరకుండా నేను ఒక మూల మీద కూర్చున్నాను, అక్క ఎదురు మూల మీద కూర్చుంది.

లెక్కపెట్టినట్టు పది చినుకులు పడ్డాయి. ఫ్లెక్సీ మీద ఒక్కొక్కటీ టప్ టప్‌మని వినబడింది. తర్వాత వినబడలేదు. గాలి మారింది. మబ్బు మా మీదుగా పడమటికి జరిగింది, దాని వెనకే ఎండ వచ్చింది. అక్క ఫ్లెక్సీ కింద చేయి పెట్టి, లోపలి నుంచి ఒక గుప్పెడు పత్తి తీసి, చెంపకు ఆనించుకుని చూసింది.

"పొడిగానే ఉంది రా" అంది.

నాకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది, యార్డులో తడిసింది అదొక్కటే. నా మాటకు వాన రాలేదు. నా పద్యానికి చినుకంత శక్తి కూడా లేదు. ఆ సంగతికి అంతగా సంతోషించిన కవి ఎక్కడా ఉండడు.

పెద్దాయన కారు అప్పుడొచ్చింది. షామియానా కింద ఒక్క మనిషీ లేడు. ఆయన నిలువెత్తు బొమ్మ, నమస్కారం పెడుతూ, మా అక్క పత్తి కుప్ప మీద వెల్లకిలా పడుకుని ఉంది. నిర్వాహకులు నా వైపు చూసిన చూపు చెప్పలేను. ఆయన మంచివాడే, నవ్వేశాడు. "ఉండనీండి, ఈ పొద్దు నేను పనికొచ్చింది దానికే" అన్నాడు. రైతులైతే నన్ను వదల్లేదు. ఇన్నేళ్ళూ పిలిస్తే రాలేదు గానీ పంపితే పోయిందని నా భుజాలు తట్టారు. నేను కాదనలేదు, కవిని కదా.

మధ్యాహ్నానికి పత్తి అమ్ముడైంది. టీ కొట్టు దగ్గర అక్క డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి సంచిలో పెట్టుకుంది. తర్వాత, "గాలికి పోయే కంపను నెత్తికి తగిలించుకునేది నీకు సిన్నప్పట్నించీ అలవాటే" అంది.

"నీ పద్యానికి వానొస్తాదని నువ్వు నమ్మినావా అక్కా?"

"నీ మాట ఇంట్లో పిల్లి గూడా ఇనదు, వానింటాదా?" అని టీ గ్లాసు కింద పెట్టింది. "అయినా మా ఊరి పేరు వచ్చినప్పుడు నోరు గట్టిగా మూసుకున్న్యా. యాడన్నా ఇంటాదేమోనని బయమేసింది." లేచి కొంగు దులుపుకుంది. "జూన్‌లో మా సేనికి రా. ఆడ సదువు."

జూన్ రెండో వారంలో పోయాను. దుక్కి దున్ని, ఒట్టి నేల పరుచుకుని ఉంది. చేను కౌలుకివ్వలేదు. వేదిక లేదు, మైకు లేదు, రావలసిన పెద్దాయనా లేడు. గట్టు మీద నిలబడి మొదటి నుంచీ మొదలుపెట్టాను. వినేది ఆమె ఒక్కతే. ఊళ్ళు ఒక్కొక్కటే దాటుకుంటూ ఆమె ఊరికి వచ్చాను. అక్క కొంగు నడుముకు చుట్టి, తల పైకెత్తి, "దిగు తల్లీ!" అని అరిచింది. ఆ అరుపు చివర ఆమె గొంతు జీరబోయింది.

దాని తర్వాతి ఊరు ఏదో నాకు గుర్తు రాలేదు. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ పేర్లే కేకేసినవాడిని, గట్టు మీద నోరు తెరుచుకుని అలాగే నిలబడిపోయాను.