అటకెక్కబోయిన మంచు లెక్క

హెల్కా వూరినెన్ ఒక్క వరుస కోడు కూడా రాసి ఎరుగదు. పగలు తాంపెరే నగర గ్రంథాలయంలో ఉద్యోగం. సాయంత్రాలు మాత్రం మా సంఘానికి ఆమే పెద్ద దిక్కు. ఎవరైనా విప్పి చూసి, మార్చుకుని, ఉచితంగా వాడుకోగల ప్రోగ్రాములు రాసేవాళ్ళ సంఘం మాది. కొత్త ప్రోగ్రామును చేర్చుకోవడం, తన కాళ్ళ మీద నిలబడేదాకా కనిపెట్టుకోవడం, చూసుకునేవాళ్ళు కరువైతే ఓటు పెట్టించి అటకెక్కించడం, అన్నీ ఆమె చేతి మీదుగానే జరుగుతాయి. అటకెక్కినదాన్ని ఎవరైనా చదువుకోవచ్చు, తప్పులు దిద్దే నాథుడు మాత్రం ఉండడు. పదకొండేళ్ళలో పంతొమ్మిదింటిని అలా సాగనంపింది.

ఆ అక్టోబరులో ‘మంచు లెక్క’ వంతు వచ్చింది. చలిని బట్టి సరస్సు మీద మంచుగడ్డ ఎంత మందం కట్టిందో అంచనా చెప్పే ప్రోగ్రాము అది. రాసిన ఎన్సియో రౌతపా కువోపియోలో ఉంటాడు. రెండేళ్ళుగా ఉలుకూ పలుకూ లేదు. ముగ్గురు బాధ్యత తీసుకుంటేనే ఉంచమని ఓటు అడుగుతాను, గడువు నెల రోజులు అని హెల్కా అందరికీ ఉత్తరం పంపింది.

మూడు వారాలు ఒక్క జవాబూ లేదు. ఆ తర్వాత ఉత్తరాన ఇనారి నుంచి సైయా కిత్తి అనే పంతులమ్మ రాసింది: “మా బడి పిల్లలు స్కీల మీద సరస్సు దాటి వస్తారు. గడ్డకు తూటు పొడిచి కొలవడానికి ఎప్పుడు వెళ్ళాలో నాకు చెప్పేది ఇదే. తీసేయకండి. కోడు కొంచెం వచ్చు, ఏ పని చెప్పినా చేస్తాను.”

హెల్కా అప్పటికప్పుడు ఎన్సియోకు ఫోన్ చేసింది.

“అటకెక్కించెయ్యమ్మా, పీడా పోతుంది!” అన్నాడాయన. “ఏడేళ్ళు చాకిరీ చేశాను. బాగుందని ఒక్కడూ అన్న పాపాన పోలేదు. ఆ పావలి తక్కినెన్ అయితే నలభై మూడు తప్పులు పట్టాడు.”

హెల్కా సైయా ఉత్తరం చదివి వినిపించింది.

“ఇంకోసారి చదువు.”

చదివింది.

“ఆదివారం రా, కాఫీ పెడతాను. కొత్త కూర్పు విడుదల చేయడానికి కావలసిన రహస్య తాళాలు ఇచ్చేస్తాను. మనుషుల్ని మాత్రం నువ్వే వెతుక్కో.”

ఆ సాయంత్రం హెల్కా ఆ నలభై మూడు ఫిర్యాదులూ వరసపెట్టి చదివింది. కోడు అర్థం కాకపోయినా, రాసినవాడు ప్రతి వరుసా ప్రాణం పెట్టి చదివాడని మాత్రం అర్థమైంది. తుర్కులో ఉన్న పావలికి ఫోన్ కలిపింది.

“ఇన్ని తప్పులు పట్టారు, ఒక్కటైనా దిద్దారా?”

“అన్నీ దిద్దాను. నా దగ్గరే ఉన్నాయి.”

“మరి పంపలేదేం?”

“రెండో ఫిర్యాదుకే ‘నీ పని నువ్వు చూసుకో’ అన్నాడాయన. ఆ తర్వాత నన్నెవరూ అడగలేదు.”

“మహానుభావా, నేనడుగుతున్నాను! ఆదివారం కువోపియో రండి!”

ఆదివారం ఎన్సియో వంటింట్లో ఆయనా పావలీ ఉప్పూ నిప్పూలా కూర్చున్నారు. పావలి లాప్‌టాప్ తెరిచి నెమ్మదిగా అన్నాడు: “గడ్డ మీద మంచు కురిస్తే దుప్పటి కప్పినట్టే కదండీ. కింద గడ్డ నిదానంగా పెరుగుతుంది. మీ లెక్కలో ఆ దుప్పటి లేదు.”

“దుప్పటి సంగతి నాకు తెలీదనుకున్నావా!” అని ఎన్సియో కళ్ళజోడు పెట్టుకుని తెరలోకి వంగాడు. “...మర్చేపోయాను. ఇంకేం పట్టావు? చూపించు, చూపించు!”

కాఫీ గిన్నె మూడుసార్లు నిండింది. పొయ్యిలో పిరాకా రొట్టెలు మాడుతున్నా ఇద్దరికీ పట్టలేదు, హెల్కాయే బయటికి తీసింది. సాయంత్రానికి ఎన్సియో, “సైయా, పావలి సరే, మూడో పేరు నాది రాసుకో” అన్నాడు.

ఓటింగు రోజు నేను హెల్కాతో గ్రంథాలయంలోనే ఉన్నాను. తెర మీద ఓట్లు వరదలా వచ్చిపడుతున్నాయి. ఉండాలి, ఉండాలి, ఉండాలి. ముప్పై ఒకటి. వద్దన్నవాళ్ళు సున్నా. అందర్నీ నిశ్శబ్దంగా ఉండమనే మనిషి కాస్తా, “గెలిచాం!” అని కేక పెట్టింది. చదువుకుంటున్న వాళ్ళంతా తలలు తిప్పి చూశారు.

కొత్త కూర్పు నవంబరు రెండో వారంలో వెలువడింది. సైయా తూటు పొడిచి కొలిచి మరీ రాసింది, తేడా ఒక్క సెంటీమీటరేనట!

ఇప్పుడు హెల్కా ఏ ప్రోగ్రామునైనా అటకెక్కించే ముందు, దాని మీద ఎక్కువ ఫిర్యాదులు చేసిందెవరో చూసి వాళ్ళకే మొదట ఫోన్ చేస్తుంది. ఈ ఏడాది అలా మరో రెండు నిలబడ్డాయి. ఒకటి నిలవలేదు.