అక్క బండిలో తగ్గే నీళ్ళు

కాలుగాలిన పిల్లి ఒకచోట నిలవదంటారు. కార్ల సర్వీసు సెంటర్లో పెద్ద మేస్త్రీకి ఆ పేరే ఖాయమైంది. మొదట్లో పూర్తిగా "కాలుగాలిన పిల్లి" అనేవాళ్ళు. అంత పొడుగు పేరు పలికే ఓపిక లేక తర్వాత "పిల్లి మేస్త్రీ" చేశారు. ఆయన ఏమీ అనుకోలేదు. అనుకోవడానికైనా ఒకచోట కూర్చోవాలి కదా. ఒక బండి దగ్గర అందుకున్న టీ గ్లాసు మూడో బండి దగ్గర మర్చిపోతాడు. సాయంత్రానికి గోడల మీదా, పనిముట్ల పెట్టెల మీదా సగం తాగిన గ్లాసులు దొరుకుతాయి. అయినా ఇరవై రెండేళ్ళుగా ఆ తిరుగుడు వల్ల పని జరిగిందే తప్ప చెడలేదు.

ఆ వారం మాత్రం ఆయన తిరుగుడులో తేడా వచ్చింది. రెండో వరసలో నిలబెట్టిన తెల్ల కారు ఆయన అక్కది.

అక్క నర్సు. ప్రతి సోమవారం కొండ దాటి అవతలున్న చిన్న ఆసుపత్రికి వెళ్ళి పసిపిల్లలకు సూదులు వేసి వస్తుంది. పన్నెండేళ్ళు బస్సులో తిరిగి తిరిగి, యాభయ్యో ఏట డ్రైవింగు నేర్చుకుంది. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. ఏ బండి కొనాలో ఆ తమ్ముణ్ణే అడిగింది. "ఇది కళ్ళు మూసుకుని కొనక్కా," అన్నాడు. కొంది.

నాలుగు నెలలు కాలేదు, ఇంజన్ను చల్లగా ఉంచే కూలెంట్ తగ్గడం మొదలైంది. డబ్బా మీద రెండు గీతలుంటాయి. పై గీత దాకా నింపితే పది రోజులకు కింది గీత కనబడేది. మొదటిసారి నింపి పంపాడు. రెండోసారీ నింపి పంపాడు. పోయిన సోమవారం కొండ మలుపులో ఎర్ర దీపం వెలిగింది. అక్క గంటసేపు రోడ్డు పక్కన నిలబడిపోయింది. అక్కడ ఆసుపత్రి అరుగు మీద తల్లులు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని ఎండ ఎక్కేదాకా ఎదురు చూశారు. మర్నాడు ఆమె కారు తెచ్చి తాళం ఆయన చేతిలో పెట్టింది. బస్సు కోసం రోడ్డు వైపు నడిచింది. తిట్టినా బాగుండేదనుకున్నాడు.

మేనేజరు మాత్రం తేల్చేశాడు. "నింపి పంపడాలు ఇక చాలు మేస్త్రీ. బయట కారడం లేదంటే లోపల తాగుతోందనేగా. లోపల నీళ్ళను ఆపే హెడ్ గ్యాస్కెట్ పోయుంటుంది. శుక్రవారం తొమ్మిదింటికి ఇంజన్ విప్పేద్దాం."

"సామాను రావడానికి మూడు వారాలు పడుతుంది సార్."

"పడనివ్వండి."

"కొత్త ఇంజన్ సార్. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?"

"సరే, ఆ గోరేదో శుక్రవారంలోపు చూపించండి."

కంపెనీలో బిగించిన ఇంజన్ను ఒకసారి విప్పితే మళ్ళీ అంత బిగువుగా కుదురుతుందన్న నమ్మకం ఆయనకు లేదు. అక్కకు ఆ సంగతి చెప్పలేదు. మూడు సోమవారాలు పోతాయన్నది కూడా చెప్పలేదు.

మంగళవారం కారు కింద అట్ట పరిచాడు. అట్ట పొడిగా ఉంది. నూనె మూత తీసి చూశాడు. నీళ్ళు కలిసుంటే నూనె మజ్జిగలా తెల్లబడాలి, తెల్లబడలేదు. పొగ గొట్టం దగ్గర ముక్కు పెట్టి, కూలెంట్ లోపల కాలితే వచ్చే తియ్యటి వాసన వస్తుందేమోనని చూశాడు. రాలేదు. ముందు సీటు కింద కార్పెట్ ఎత్తి తడిమాడు, అదీ పొడిగానే ఉంది. కూలెంట్ డబ్బాకు పంపు తగిలించి గాలి ఎక్కించాడు. ఎక్కడన్నా కారుతుంటే దాని ముల్లు పడిపోవాలి. మొండి చుట్టంలా అక్కడే కూర్చుంది. బుధవారం మళ్ళీ అవన్నీ చేశాడు. పొద్దున్నే వచ్చి ఇంజన్ స్టార్టు చేసి చెవి పెట్టి వింటాడు, ఊరి చివరిదాకా తోలుకెళ్తాడు, తెచ్చి పంపు తగిలిస్తాడు, మళ్ళీ తోలుకెళ్తాడు. ఇంటికెళ్ళినా అదే ధ్యాస. కంచం ముందు నుంచి రెండుసార్లు లేచాడు.

"ఆ కారును కూడా పిలవండి, పక్కన కూర్చుని తింటుంది," అంది భార్య.

గురువారం మధ్యాహ్నం కార్లు కడిగే చోట అటూ ఇటూ తిరుగుతున్నాడు. అక్కడ పనిచేసే పెద్దావిడను అందరూ పిన్ని అంటారు. ఆ సెంటర్లో ఏ బండైనా ముందు పిన్ని చేతి నీళ్ళు పడ్డాకే మేస్త్రీల దగ్గరికి వెళ్ళాలి. మురికి బండి లోపలికి రాకూడదని మేనేజరు పెట్టిన పద్ధతి అది.

"అబ్బాయ్, కాస్త పక్కకి జరుగు. నీ చుట్టూ కడగలేక చస్తున్నా."

జరిగాడు. మళ్ళీ అక్కడికే వచ్చాడు.

"మీ అక్కకో మాట చెప్పు," అంది పిన్ని బ్రష్షు దులుపుతూ. "మొహానికి పౌడరు ఇంట్లో రాసుకుని రమ్మను. బండిలో ఒలకబోస్తే ఎట్లా?"

"అక్క పౌడరు రాయదు పిన్నీ."

"మరి ఇంజన్లో ఆ గులాబీ పొడి ఏంటి? వచ్చినప్పుడల్లా ఆ మూల పెచ్చు కట్టి ఉంటోంది. అక్క బండి, మూలమూలలా అద్దంలా కడుగు పిన్నీ అని నువ్వే చెప్తివి. పళ్ళు తోమే బ్రష్షు పెట్టి గీకుతున్నా."

ఆయన ఆగిపోయాడు. పిల్లి మేస్త్రీ అట్లా కదలకుండా నిలబడటం పిన్ని అంతకు ముందు చూడలేదు. ఒంట్లో బాగా లేదేమో అనుకుంది.

కూలెంట్ రంగు గులాబీ. ఆరితే పొడి అవుతుంది. ఎక్కడ కారుతోందో చెప్పే గుర్తు అదొక్కటే. దాన్ని ప్రతిసారీ తానే దగ్గరుండి కడిగించాడు.

"ఎక్కడ పిన్నీ?"

ఆమె బ్రష్షు మొనతో చూపించింది. కింది రబ్బరు పైపు ఇంజన్లోకి దూరేచోట, క్లిప్పు వెనక. ఇప్పుడక్కడ ఏమీ లేదు, పొద్దున్నే కడిగింది. దాని కిందే ఇంజన్ అడుగున ప్లాస్టిక్ పళ్ళెం ఉంది. కారిన చుక్క అందులో పడి ఆరిపోతుంటే అట్ట ఎలా తడుస్తుంది? చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

పరుగున పంపు తెచ్చి గాలి ఎక్కించాడు. క్లిప్పు చుట్టూ వేలు తిప్పాడు. పొడిగా ఉంది. ముల్లు కదల్లేదు. అరగంట చూశాడు. చేతిలో గుడ్డ నేలకేసి కొట్టాడు.

అప్పుడు అక్కకు ఫోన్ చేసి అంతా చెప్పేశాడు, మూడు వారాల సంగతీ, కడిగించిన సంగతీ.

"పుండు కడిగి, కట్టు కట్టి, ఆపైన డాక్టరుకు చూపించావన్నమాట," అంది అక్క.

"తిట్టు అక్కా."

"తర్వాత తిడతాలే. పరీక్ష ఎప్పుడు చేస్తున్నావు?"

"రోజుకు నాలుగుసార్లు. తోలుకొచ్చిన వెంటనే."

"పరగడుపున చేశావా?"

"అంటే?"

"ఒరేయ్, కడుపు నిండా తిని వచ్చినవాడి రక్తంలో చక్కెర ఎంతుందో చూస్తామా? రాత్రంతా ఖాళీగా ఉంచి పొద్దున రమ్మంటాం. నీ బండిని ఒక్క పూటైనా పడుకోనిచ్చావా?"

ఇవ్వలేదు. మూడు రోజులుగా వచ్చీ రాగానే ఇంజన్ వేడెక్కిస్తున్నాడు. వేడికి రబ్బరు ఉబ్బి సందు మూసుకుపోతుంది. చల్లబడితేనే తెరుచుకుంటుంది. కాళ్ళు నిలవని మేస్త్రీకి చల్లారిన ఇంజన్ ఎదురైందెప్పుడు?

"రేపు నన్నడక్కుండా ఆ బండి మీద చుక్క నీళ్ళు పొయ్యకు," అని పిన్నికి చెప్పి, తాళం ఆమె చేతికే ఇచ్చి ఇంటికి వెళ్ళాడు. తన దగ్గరుంటే ముట్టుకోకుండా ఉండలేడు. ఆ సాయంత్రం ఇంట్లో బిగించాల్సిన కుళాయిలు, నూనె వెయ్యాల్సిన తలుపులు ఏవీ మిగల్లేదు.

తెల్లవారి ఆరింటికి పిన్ని గేటు దగ్గరే ఉంది. ఇంజన్ మంచుముక్కలా చల్లగా ఉంది. స్టార్టు చెయ్యకుండా పంపు తగిలించాడు. ముల్లు ఒక నిమిషం నిలబడింది. తర్వాత నిద్రొస్తున్న మనిషి తలలా మెల్లగా వాలింది. క్లిప్పు కింద దానిమ్మ గింజంత గులాబీ చుక్క ఊరి, వేలాడి, పళ్ళెంలో పడింది. క్లిప్పు ఒకపక్క పైపు అంచు మీదకు ఎక్కి వంకరగా కూర్చుని ఉంది. కొత్తప్పటి నుంచీ అంతే.

తొమ్మిదింటికి మేనేజరు వచ్చి చూశాడు. "ఇన్నాళ్ళూ ఎలా తప్పిపోయిందిది? కడిగేవాళ్ళు చూడలేదా?"

పిన్ని తల దించుకుంది.

"చూసింది ఆవిడే సార్. కడగమన్నది నేను," అన్నాడు మేస్త్రీ. "వచ్చిన బండిని ముందు నీళ్ళకి పంపే పద్ధతి మనది. ఇకనుంచి జబ్బుతో వచ్చిన బండిని ముందు మేం చూస్తాం. తర్వాత పిన్ని ఇష్టం."

మేనేజరు ఆ చుక్కనే చూస్తూ తలూపాడు.

కొత్త క్లిప్పు వేసి, శనివారం ఒకసారీ ఆదివారం ఒకసారీ పరగడుపునే పరీక్షించాడు. ముల్లు కదల్లేదు. సోమవారం ఆరున్నరకు అక్క బయల్దేరింది. అప్పటి నుంచి ఆయన గేటుకూ కడిగే చోటుకూ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. పదకొండింటికి ఫోన్ మోగింది. వెనక పసిపిల్లల ఏడుపులు వినబడుతున్నాయి.

"టైముకే చేరాను. బండి చల్లారాక డబ్బా చూశా. పై గీత మీదే ఉంది."

"సరిగ్గా గీత మీదేనా? కొంచెం కిందికా?"

"గీత మీదే. ఇప్పుడైనా ఓ చోట కూర్చున్నావా?"

"కూర్చున్నానక్కా," అన్నాడు గేటు దాకా నడిచి, వెనక్కి తిరుగుతూ.

పిన్ని నీళ్ళ పైపు కట్టేసి, "అవును, కూర్చున్నాడమ్మా," అని ఫోన్‌కి వినబడేలా అరిచింది.