భుజం మీద కాయ

నేనన్న ఒక మాట ఇన్నేళ్లుగా నా లోపల బరువుగా కూర్చుని ఉంది. మా ఆవిడకి చెప్పలేదు. చర్చిలో మోకరించినప్పుడు కూడా మిగతా తప్పులన్నీ చెప్పుకుని దీన్ని దాటేసేవాణ్ని. మీరెవరో నాకు తెలియదు కాబట్టి, మీకైతే చెప్పగలననిపిస్తోంది.

కొత్తపేటలో రోడ్డు పక్కన, కొబ్బరిచెట్ల కింద ఒక శిల్పిగారి బొమ్మల తోట ఉండేది. టిక్కెట్టు లేదు, గేటూ లేదు. బస్సు దిగిన ఎవరైనా లోపలికెళ్లి నాయకుల విగ్రహాలనీ, గొర్రెపిల్లనెత్తుకున్న ఏసుప్రభువునీ చూసి రావచ్చు. దారి మొదట్లోనే కావిడి మోస్తున్న కూలీ బొమ్మ ఒకటుండేది. అది ఎవరూ చేయించింది కాదు, శిల్పిగారు తన ఇష్టం కొద్దీ చేసుకున్నది.

మా నాన్న కూడా కావిడి మోసినవాడే. తోటల్లోంచి కాలవలో పడవల దాకా జీవితమంతా కొబ్బరికాయలు మోశాడు. కావిడి బద్ద ఒరుసుకుని కుడిభుజం మీద నిమ్మకాయంత కాయ కాసింది. మెడ ఆ పక్కకే వాలిపోయింది. ఆయన పోయిన ఏడాదికి, పంతొమ్మిదివందల డెబ్భైల చివర్లో, సమాధి మీద పెట్టడానికి బొమ్మ చేయించాలనుకున్నాను. ఫోటో లేదు. నేను చెబుతుంటే శిల్పిగారు మట్టితో చేశారు. నేనేం చెప్పాను? మెడ నిటారుగా, భుజాలు సమంగా, మీద కండువా. అప్పుడే నాకు అమలాపురంలో ఆఫీసు ఉద్యోగం వచ్చింది. తోటి ఉద్యోగులెవరైనా సమాధి దగ్గరికొస్తే నేను కూలివాడి కొడుకునని తెలియకూడదనుకున్నాను. అంతే. ఇంతకంటే మంచి కారణం కోసం చాలా వెతికాను గాని, దొరకలేదు.

అక్కడొక పద్ధతి ఉంది. ఇంటివాళ్లు మట్టిబొమ్మని చూసి, పోలిక కుదిరిందని ఒప్పుకుంటేనే అచ్చు తీసి సిమెంటు పోస్తారు. అమ్మని తీసుకెళ్లాను. కళ్లకి శుక్లాలు, చూపు సరిగ్గా ఆనేది కాదు. బొమ్మ మీది తడిగోనె తీయగానే ముందు ముఖం తడిమింది, తరవాత కుడిభుజం. అక్కడే వేళ్లు చాలాసేపు వెతుక్కున్నాయి.

"ఈయనెవరండీ బాబూ? మా ఆయన కాదండీ. ఆయన భుజం ఇలాగుండదండీ," అంది.

శిల్పిగారు నావైపు చూశారు. "అమ్మగారు కాదంటున్నారు కదండీ. ఆపేయమంటారా?"

"ఆవిడకి మతి సరిగ్గా ఉండట్లేదండీ. నాన్నగారు పోయిన దగ్గర్నుంచీ ఇంతే. మీరు పోత పోసేయండి," అన్నాను.

అమ్మ పక్కనే ఉంది. వేళ్లకంటిన మట్టి కొంగుకి తుడుచుకుంది.

"ఆయ్, అబ్బాయి చెప్పినట్టే కానివ్వండి. నాకేం తెలుస్తుందండీ," అంది.

ఆ మాట గురించి ఆవిడ నన్నెప్పుడూ నిలదీయలేదు. తిట్టి ఉంటే నేను తేలిగ్గా బతికేసేవాణ్నా? ఏమో. బొమ్మ బాగుందని అందరూ అన్నారు. అమ్మ సమాధి మీద పూలు పెట్టేది గాని, ఆ బొమ్మని ముట్టుకునేది కాదు.

కొన్నేళ్లకి, కొత్తపేటలో ఉండే మా అక్క ఇంటి నుంచి అమ్మని తీసుకురావడానికి వెళ్లాను. బొమ్మల తోటలో ఉంటుంది, వచ్చినప్పుడల్లా అక్కడికే పోతుందని అక్క చెప్పింది. వెళ్లి చూశాను. అమ్మ కావిడి కూలీ బొమ్మ పక్కన నిలబడి, దాని కుడిభుజం నిమురుతోంది. పెదాలు కదులుతున్నాయి. ఇంటి సంగతులేవో చెబుతోంది. రోడ్డు మీదకొచ్చి, ఆవిడ తనంత తాను బయటికి వచ్చేదాకా నిలబడ్డాను. ఆ బొమ్మ భుజానికి కాయ ఉందో లేదో ఈరోజుకీ చూడలేదు.

అమ్మ కూడా పోయి చాలా ఏళ్లయింది. ఇద్దరి సమాధులూ పక్కపక్కనే ఉన్నాయి, పైన ఎవరో కండువా పెద్దమనిషి. క్షమించమని అడగడానికి ఎవరూ మిగల్లేదు, మీరు క్షమించినా అది నాకు చెల్లదు. ఆవేళ శిల్పిగారితో చెప్పవలసిన మాట మాత్రం ఇప్పుడు రాస్తున్నాను. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది.

మా అమ్మకి మతి బాగానే ఉంది. ఆ బొమ్మ మా నాన్నది కాదు.